ఇంటి దిక్కు: కొరియా ధారావాహికలు, గాంధార పథికుడు, పెరంబూరు తెలుగువారు

మహానగరంలో చదువుకొని, అక్కడే పేరూ ఉద్యోగమూ సంపాదించి, ఏదో ఒక ఎదురుదెబ్బ తగిలాక సముద్రపుటొడ్డున ఉన్న చిన్న ఊరికి వచ్చి చేరే యువతి, ఆ ఊరు విడవని లేదా అంతకుముందే ఊరికి తిరిగివచ్చిన యువకుడు, వారి మధ్య నెమ్మదిగా పెరిగే ప్రేమ, ఆ ప్రేమను ఓ కంట కనిపెడుతుండే ఊరి పెద్దలు: దక్షిణ కొరియా టెలివిజన్‌లో ఇటీవలి సంవత్సరాల్లో బాగా స్థిరపడిన ఒక కథారూపానికి ఇవి గుర్తులు. ఈ కథలు వినోదం కోసం తీసినవే అయినా, వాటి అడుగున ఉన్న ప్రశ్న మతాలకూ దర్శనాలకూ చిరకాలంగా పరిచయమైనదే. మనిషి ఇంటికి తిరిగి చేరడం అంటే ఏమిటి, ఆ ఇల్లు ఒక స్థలమా, ఒక జ్ఞాపకమా, ఒక బంధమా, వదిలి వెళ్ళినవాడు తిరిగి వచ్చినప్పుడు చేరేది వదిలిన చోటికేనా అన్నదే ఆ ప్రశ్న. చెన్నై ఉత్తర భాగంలోని పెరంబూరులో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు, ఎందుకంటే వారిలో చాలామంది సొంతూరు ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంది, మరికొందరికి పెరంబూరే సొంతూరు అయినా అక్కడ వారి భాష ఇంటి గడప దాటడం లేదు.

ఈ కథారూపం కొరియాలోనే ఇంతగా వేళ్లూనుకోవడానికి ఆ దేశపు చరిత్రలో బలమైన కారణాలున్నాయి. అప్పటికే రెండుగా చీలిన దేశంలో 1950-53 యుద్ధం లక్షలాది కుటుంబాలను విడదీసింది. ఆ తరువాత వచ్చిన పారిశ్రామికీకరణ పల్లెల్లోని యువతను సియోల్ వైపు లాగేసింది. నేడు ఆ దేశ జనాభాలో సుమారు సగం మంది సియోల్, దాని చుట్టుపక్కల ఉన్న రాజధాని ప్రాంతంలోనే నివసిస్తున్నారు. సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీ తన జీవితకాలంలో కనే పిల్లల సగటు, 2023లో 0.72కు పడిపోయింది, పల్లెలు ముసలివారితో మిగిలాయి. ఇంటికి చేరే కథను కొరియా టెలివిజన్ కల్పనగా చెప్పడానికి చాలాకాలం ముందే నిజంగా చూపించింది. యుద్ధంలో విడిపోయిన బంధువులను కలిపేందుకు 1983 జూన్ 30న కేబీఎస్ అనే ప్రభుత్వ ప్రసార సంస్థ మొదలుపెట్టిన ప్రత్యక్ష ప్రసారం 138 రోజుల పాటు సాగి, 10,000కు పైగా కుటుంబాలను కలిపింది. ఆ రికార్డులను యునెస్కో 2015లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. పేర్లు, పుట్టిన ఊళ్లు రాసిన అట్టముక్కలను గుండెలకు ఆనించుకొని కెమెరా ముందు నిలబడ్డ ఆ మనుషులను చూసిన సమాజానికి, తెర మీద ఎవరైనా ఇల్లు చేరుతుంటే అది ఉత్త కాలక్షేపంగా కనిపించదు.

మతాచారంలోనూ ఈ తిరుగుప్రయాణానికి అక్కడ పెద్ద స్థానమే ఉంది. చాంద్రమానపు కొత్త సంవత్సరమైన సొల్లాల్ నాడు, శరదృతువులో పంటల పండుగ అయిన చుసోక్ నాడు కొరియన్లు పుట్టిన ఊళ్లకు తరలివెళ్లి, ‘చారే’ అనే పితృపూజ చేస్తారు. పళ్లు, కొత్త బియ్యపు పిండివంటలు, చేపలు బల్ల మీద వరుసగా అమర్చి, గతించిన పెద్దలకు సాగిలపడి మొక్కుతారు. ఉత్తర కొరియాలో ఊళ్లు వదిలేసి వచ్చిన వారికి ఆ పూజ చేసేందుకు ఊరు లేదు. వారి కోసం సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఇమ్‌జింగాక్‌లో 1985లో ‘మాంగ్బెదాన్’ అనే రాతి వేదిక కట్టారు. పండుగనాడు ముసలివారు అక్కడికి వచ్చి, చేరలేని ఊరు ఉన్న ఉత్తర దిక్కుకు తిరిగి నమస్కరిస్తారు. ఊరు అందకపోయినా దాని దిక్కు తెలిసి ఉండటమే ఆ పూజకు ఆధారమన్న సంగతి ఈ చర్చకు కీలకం.

కొరియా బౌద్ధంలో ఇంటికి చేరడం సాధనకే ఉపమానమైంది. 12వ శతాబ్దపు చైనా గురువు గువోఆన్ పేరు మీద ప్రసిద్ధమైన పది చిత్రాల వరుస కొరియాలో ‘సిమూదో’ అన్న పేరుతో ఎన్నో ఆలయాల బయటి గోడల మీద కనిపిస్తుంది. తప్పిపోయిన ఎద్దును వెతుకుతూ బయలుదేరిన పిల్లవాడు అడుగుజాడలు చూసి, ఎద్దును కనుగొని, పట్టి, మచ్చిక చేసుకొని, ఆరో చిత్రంలో దాని వీపు మీద కూర్చొని పిల్లనగ్రోవి ఊదుకుంటూ ఇంటిదారి పడతాడు. ఎద్దు అంటే మనసు, దాని నిజ స్వభావం. అయితే చిత్రాలు ఇల్లు చేరడంతో ఆగవు. ఏడో చిత్రంలో ఎద్దు ఉండదు, ఎనిమిదో చిత్రంలో మనిషీ ఉండడు, పదో చిత్రంలో సాధకుడు చేతులు చాచుకొని సంతలోకి, జనం మధ్యకు నడుస్తాడు. అంటే ఈ సంప్రదాయంలో ఇంటికి చేరిన గుర్తు విశ్రాంతి తీసుకోవడంలో లేదు, ఇతరులకు అక్కరకు రావడంలో ఉంది.

ఈ నేపథ్యంలో చూస్తే ధారావాహికల తీరు అర్థమవుతుంది. 2021లో వచ్చిన ‘హోమ్‌టౌన్ చా-చా-చా’లో సియోల్‌లో ఉద్యోగం వదులుకున్న దంతవైద్యురాలు యూన్ హ్యే-జిన్ గోంగ్‌జిన్ అనే కల్పిత తీరగ్రామంలో ఆసుపత్రి తెరుస్తుంది, ఊరందరికీ చేదోడుగా ఉండే హాంగ్ దు-షిక్ నగరంలో ఘోరమైన దెబ్బ తిని ఊరికి తిరిగివచ్చిన మనిషి. 2023 డిసెంబరులో మొదలై 2024 జనవరిలో ముగిసిన ‘వెల్కమ్ టు సమ్‌దల్-రీ’లో ఫోటోగ్రాఫర్ చో సమ్-దల్ చేయని తప్పుకు నింద మోసి జేజు ద్వీపంలోని పుట్టిన ఊరికి వస్తుంది, ఆమె తల్లి ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలు, గవ్వజీవులు ఏరే ‘హేన్యో’ స్త్రీలలో ఒకరు. ఈ రెండు కథల్లోనూ ఓడిపోయి వచ్చిన మనిషిని ఊరు ముందు ఆరా తీస్తుంది, తరువాత అన్నం పెడుతుంది, చివరికి తనలో కలుపుకుంటుంది. భారతదేశంలో కొరియా ధారావాహికల వీక్షణ 2020లో, అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే, 370 శాతానికి పైగా పెరిగిందని నెట్‌ఫ్లిక్స్ సంస్థ ప్రకటించింది. ఇళ్ల తలుపులు మూసుకున్న ఆ ఏడాదిలో జనం ఈ ధారావాహికల వైపు మళ్లారన్నది ఆలోచించదగిన విషయం.

భారతీయ దర్శనాల్లో తిరిగి రావడం అంత తేలికగా మెచ్చుకోదగిన సంగతి కాదు. భగవద్గీత ఎనిమిదో అధ్యాయం మరణానంతరం రెండు దారులున్నాయని చెబుతుంది. ఒక దారిన పోయినవాడు మళ్లీ పుట్టుకలోకి వస్తాడు, రెండో దారిన పోయినవాడు రాడు. మళ్లీ రావడాన్ని ‘పునరావృత్తి’ అంటారు, రాకపోవడాన్ని ‘అనావృత్తి’ అంటారు. బాదరాయణుడి బ్రహ్మసూత్రాల్లో చిట్టచివరి సూత్రం ఈ అనావృత్తి గురించే. అలాంటప్పుడు తిరిగి రావడాన్ని ఒక ఫలంగా, ఒక ధన్యతగా చూపే కథలకు ఈ నేల మీద తాత్త్విక ఆధారం ఏదన్న సందేహం సహజంగానే కలుగుతుంది.

దానికి సమాధానం ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయమే ఒక కొడుకు ఇంటికి రావడంతో మొదలవుతుంది. శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి పోయి, ఇరవై నాలుగో ఏట చదువంతా పూర్తిచేసి, తనంతటివాడు లేడన్న గర్వంతో ఇంటికి వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు ఒక్క ప్రశ్న అడిగేసరికి అతని చదువులో అసలు సంగతే లేదని తేలిపోతుంది. శరీరం ఇల్లు చేరినా మనిషి చేరలేదు. ఆ కొడుకుకు తండ్రి చెప్పిన దృష్టాంతాల్లో గాంధార దేశస్థుడి కథ ఒకటి. ఎవరో ఒక మనిషిని కళ్లకు గంతలు కట్టి గాంధారం నుంచి తెచ్చి, జనసంచారం లేని చోట వదిలేశారు. అతడు ఒక్కో దిక్కుకు తిరిగి, కళ్లు కట్టి తెచ్చారనీ, కళ్లు కట్టే వదిలేశారనీ కేకలు పెట్టాడు. దారిన పోయే ఒకరు ఆ కట్టు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉందనీ, ఇటు పొమ్మనీ చెప్పారు. తెలివైనవాడు కనుక అతడు ఊరి నుంచి ఊరికి అడుగుతూ అడుగుతూ తన దేశం చేరుకున్నాడు. గురువు ఉన్నవాడు సత్యాన్ని అలాగే తెలుసుకుంటాడని ఉద్దాలకుడి ముగింపు. శంకరాచార్యులు తన భాష్యంలో ఈ దేహాన్నే ఆ అడవిగా, మోహాన్ని కంటి గంతగా, పుణ్యపాపాలను అతణ్ని ఎత్తుకొచ్చిన దొంగలుగా వివరించారు.

ఈ కథలో గమనించవలసినవి మూడున్నాయి. ఒకటి, ఆ మనిషికి ఎవరూ తోడు వెళ్లలేదు. కట్టు విప్పడం, దిక్కు చూపించడం మాత్రమే జరిగాయి, నడక అతనిదే. రెండు, దారి పొడవునా అతడు అపరిచితులను అడగవలసి వచ్చింది. అంటే మధ్యలో ఉన్న ఊళ్లన్నీ అతనికి అంతో ఇంతో ఆశ్రయమిచ్చాయి. మూడు, చేరవలసిన చోటు కొత్తది కాదు, అతడు మొదటినుంచీ అక్కడివాడే. పుట్టుకల వలయంలోకి తిరిగి పడటం ఒక సంగతి, తన మూలానికి తాను తిరిగి చేరడం మరొక సంగతి. మొదటిది పునరావృత్తి, రెండోది జరిగితే ఇక పునరావృత్తి ఉండదు. ధారావాహికల్లో ఊరికి వచ్చిన మనుషులను ఈ తేడాతోనే తూచాలి. బాల్యాన్ని తిరిగి తెచ్చుకుందామని వచ్చినవాడు అదే బాధలో తిరుగుతాడు. తానెవరో తెలుసుకుందామని వచ్చినవాడు చేరుకుంటాడు.

ఈ కథల్లో ప్రేమ ఎందుకు తప్పనిసరిగా ఉంటుందో కశ్మీర శైవం బాగా వివరిస్తుంది. 10వ శతాబ్దంలో ఉత్పలదేవుడు రచించిన ‘ఈశ్వరప్రత్యభిజ్ఞాకారిక’లో ముక్తికి కొత్త వస్తువేదీ సంపాదించనక్కర లేదనీ, ఉన్నదాన్ని గుర్తుపట్టడమే చాలనీ సిద్ధాంతం. ‘ప్రత్యభిజ్ఞ’ అంటే ఇంతకుముందు తెలిసినదాన్ని ఎదురుగా చూసి అదే ఇది అని గుర్తించడం. ఆ గ్రంథం చివర ఆయన ఇచ్చిన దృష్టాంతం ఒక ప్రేమకథ: ఒక యువతి ఎన్నడూ చూడని ఒకరి గుణాలు విని మనసు పడింది, అతడు వచ్చి ఆమె ఎదుటే నిలిచినా, పదిమందిలో ఒకడిలా కనిపించినంతసేపు ఆమెకు ఆనందం లేదు, ఇతడే అతడని తెలిసిన క్షణంలో మాత్రమే హృదయం నిండింది. హ్యే-జిన్ కథలోనూ ఇదే జరుగుతుంది. తల్లి బతికి ఉన్న రోజుల్లో గోంగ్‌జిన్ తీరానికి వచ్చినప్పుడు తీసుకున్న కుటుంబ ఫోటో ఆమె దగ్గర ఉంది. ఆనాడు దిగులుగా ఉన్న ఆ చిన్నపిల్లను నవ్వించిన ఊరి కుర్రాడు దు-షిక్ అనీ, ఆ ఫోటో తీసింది అతని తాతగారనీ ఎంతో ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికి వారిద్దరూ ఒకే ఊరిలో రోజూ ఎదురుపడుతూనే ఉన్నారు. కొత్తగా జరిగిందేమీ లేదు, గుర్తింపు తప్ప. కానీ ఆ గుర్తింపుతో, ఆసుపత్రి తెరిచిన ఊరు ఆమెకు సొంతూరవుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఊరు ఉన్నవారి సంగతి. పెరంబూరులో ఈ ప్రశ్న మరో రూపం దాలుస్తుంది. 19వ శతాబ్దపు మధ్యకాలం నుంచి రైల్వే వర్క్‌షాపులు, 1870ల నుంచి బకింగ్‌హామ్, కర్ణాటిక్ బట్టల మిల్లులు ఈ ప్రాంతానికి కూలీలను, కార్మికులను, గుమాస్తాలను రప్పించాయి. నెల్లూరు, చిత్తూరు సీమల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు పెరంబూరులోనూ, దానిని ఆనుకొని ఉన్న ఓట్టేరి, పులియాంతోపు, వ్యాసర్పాడి, అయనావరం ప్రాంతాల్లోనూ స్థిరపడ్డాయి. 1955 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఇప్పటివరకు 70,000కు పైగా రైలు బోగీలను తయారుచేసింది. దేశమంతటా పండుగలకు ఊళ్లకు వెళ్లేవారు ఎక్కే పెట్టెల్లో పెద్ద భాగం ఇక్కడ పుట్టినవే. సంక్రాంతికి జనాన్ని ఊరు చేర్చే బండిని తయారుచేసే చేతుల్లో, తిరిగి వెళ్లేందుకు ఊరు మిగలనివారి చేతులూ ఉన్నాయి.

ఊరు మిగలకపోవడానికి వలస ఒక్కటే కారణం కాదు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోరుతూ మద్రాసులోనే 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూనిన పొట్టి శ్రీరాములు 58 రోజుల తరువాత డిసెంబరు 15న అసువులు బాశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు నగరం దానిలోకి రాలేదు. 1960 ఏప్రిల్ 1న, సరిహద్దు వివాదంలో మధ్యవర్తిగా ఉన్న హెచ్.వి. పటాస్కర్ సిఫారసుల ప్రకారం, సరిహద్దు ప్రాంతాల మార్పిడి జరిగి తిరుత్తణి వంటి చోట్లు మద్రాసు రాష్ట్రంలో చేరాయి. పెరంబూరు తెలుగువారిలో ఎంతోమంది ఎక్కడికీ కదలలేదు. వారు ఉన్నచోట ఉండగానే రాష్ట్రం వారిని దాటి వెళ్లింది. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి కావడంతో, తెలుగు చదువు చాలా ఇళ్లలో పెద్దల బాధ్యతగా మిగిలిపోయింది. ఇల్లు వదిలి వెళ్లినవాడు తిరిగి రావచ్చు, వదలనే వదలనివాడు ఎక్కడికి తిరిగి రావాలన్న ప్రశ్నకు ఏ ధారావాహికలోనూ జవాబు లేదు.

జవాబు ఆచారంలో ఉంది. తెలుగు ఇళ్లలో ఏ పూజకైనా ముందు చెప్పే సంకల్పంలో, అంటే కర్త తాను ఏ కాలంలో, ఏ చోట, ఎందుకు ఈ కర్మ చేస్తున్నాడో ప్రకటించుకునే భాగంలో, మేరువుకు దక్షిణాన ఉన్నానని చెప్పిన వెంటనే, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో కూడా చెప్పుకోవాలి. చెన్నైలో కూర్చున్న తెలుగు గృహస్థు శ్రీశైలానికి ఆగ్నేయంగా ఉన్నానని చెప్పుకుంటాడు. ఆ తరువాత ఇంటి ప్రస్తావన వస్తుంది. సొంత ఇల్లయితే ‘స్వగృహే’ అనీ, అద్దె ఇల్లయితే ‘వసతిగృహే’ అనీ చెప్పాలని పూజాపుస్తకాల్లో సూచన ఉంటుంది. గాంధార పథికుడికి దారిన పోయేవాడు చేసిన మేలును ఈ సంకల్పం ప్రతి పూజలోనూ మళ్లీ చేస్తుంది: ఉన్న చోటును దాచకుండా చెబుతుంది, చేరవలసిన చోటు ఏ దిక్కున ఉందో మరచిపోనివ్వదు. అద్దె ఇంట్లో ఉన్నానని దేవుడి ముందు నిజం చెప్పుకున్నవాడి పూజకు లోటేమీ రాదని కూడా అదే సంకల్పం హామీ ఇస్తుంది.

ముడుపు కూడా అలాంటిదే. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పెళ్లి కుదరకపోయినా, తిరుమల వెళ్లే వీలు అప్పటికప్పుడు లేనప్పుడు, తెల్లగుడ్డను పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టి, దానిలో ఓ నాణెం పెట్టి, ముడివేసి, దేవుడి గూట్లో ఉంచుతారు. కోరిక తీరాక పెరంబూరు మీదుగా అరక్కోణం, రేణిగుంటల దారిన పోయే రైలెక్కి, కొండకు వెళ్లి హుండీలో ఆ ముడుపు సమర్పించుకుంటారు. ఆ పసుపుగుడ్డ గూట్లో ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు ఒక మాటకు కట్టుబడి ఉంటుంది. ఇమ్‌జింగాక్ వేదిక ముందు ఉత్తరానికి తిరిగి మొక్కే కొరియా ముసలమ్మకూ, గూట్లోని ముడుపుకు దణ్ణం పెట్టే పెరంబూరు ఇల్లాలికీ ఆచారం వేరు, భాష వేరు. ఇద్దరి భక్తి మాత్రం ఒకే సత్యం మీద నిలబడింది. అందని చోటుతో సంబంధం తెగిపోకుండా కాపాడేది మొక్కు, అంటే తీర్చవలసిన బాకీ.

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది, దానిని దాటవేయడం తగదు. ఊరు అందరికీ ఒకేలా తల్లి ఒడి కాలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గ్రామాన్ని అజ్ఞానానికీ, సంకుచితత్వానికీ, మతతత్వానికీ నిలయంగా అభివర్ణిస్తూ, గ్రామాన్ని కీర్తించే ధోరణిని తీవ్రంగా ఖండించారు. నెల్లూరు పల్లె వదిలి మద్రాసు మిల్లుకో, నగర పారిశుద్ధ్య పనికో వచ్చిన దళిత కుటుంబానికి ఊరి జ్ఞాపకంలో వేరే బావి, వేరే వాడ, చెప్పులు విప్పి నడిచిన వీధి ఉంటాయి. వారిని ఊరికి తిరిగి వెళ్లి శాంతి పొందమనడం అన్యాయం. 2019లో కేబీఎస్ ప్రసారం చేసిన ‘వెన్ ద కెమీలియా బ్లూమ్స్’ ఈ విషయంలో మిగతా కథలకంటే నిజాయితీగా ఉంది. ఓంగ్‌సాన్ అనే కల్పిత పట్టణంలో ఒంటరిగా కొడుకును పెంచుకుంటూ చిన్న మద్యశాల నడిపే దోంగ్-బెక్‌ను ఆ ఊరి ఆడవాళ్లే ఏళ్ల తరబడి మాటలతో పొడుస్తారు. వాళ్లు మారి, ఆమెకు ప్రాణాపాయం వచ్చినప్పుడు అడ్డుగా నిలబడిన తరువాతే ఆ ఊరు ఆమెకు ఇల్లవుతుంది. మనిషి తిరిగి రావడానికి ముందు ఊరు మారవలసి ఉంటుందని ఆ కథ చెబుతుంది.

2020 నగరం గురించి మరో పాఠాన్ని కఠినంగా చెప్పింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో పని పోయి, అద్దె కట్టలేక, లక్షలాది వలస కార్మికులు రహదారుల వెంట నడుచుకుంటూ ఊళ్లకు బయలుదేరారు. మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో తొలి శ్రామిక్ రైలు కదిలింది. వారిని ఊరు పిలిచిందనడం కంటే నగరం పొమ్మందనడం నిజం. ఏళ్ల తరబడి గోడలు కట్టిపెట్టిన మనిషికి నెల రోజులు నీడ ఇవ్వలేని నగరం తాను ఎవరికీ ఇల్లు కాలేదని ఆ రోజుల్లో రుజువు చేసుకుంది.

పెరంబూరు చరిత్రలో చేరదీయడం, వెలివేయడం అనే రెండు పార్శ్వాలూ ఉన్నాయి. అక్కడ సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వెంకటేశ గుణామృత వర్షిణి సభ పేరుతో భక్తి ప్రసంగాలు ఏర్పాటు చేసేవారు. షిఫ్టు ముగించుకొని వచ్చే మిల్లు కార్మికులు దేవుడి మాటలు వింటూ తమ కష్టాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ సభ నుంచే 1918 ఏప్రిల్ 27న, దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బి.పి. వాడియా అధ్యక్షుడుగా, తమిళ పండితుడు తిరు.వి.క. వంటివారి అండతో, దేశంలో తొలి వ్యవస్థీకృత కార్మిక సంఘంగా పేరొందిన మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. ఊళ్లు వదిలి వచ్చినవారు దైవచింతన కోసం కూడిన చోటే ఒకరికొకరు దిక్కయ్యారు. మూడేళ్లకే, 1921 సమ్మెలో, కులం ఆ ఐక్యతను చీల్చింది. పులియాంతోపులో ఇళ్లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. 1996లో మిల్లులు మూతపడ్డాయి. ఆ గోడల మధ్య ఒకప్పుడు నిలిచిన బంధుత్వం, ఆ బంధుత్వాన్ని చెరిపిన కులద్వేషం రెండూ ఒకే హెచ్చరిక చేస్తున్నాయి: ఇల్లు దానంతట అది దొరకదు, కట్టుకున్నాక కూడా కాపాడుకోకపోతే నిలవదు.

కాపాడుకోవడానికి వైదిక వాఙ్మయం చూపిన మార్గం ఋణం అన్న భావన. బ్రాహ్మణుడు పుడుతూనే ఋషులకు, దేవతలకు, పితరులకు బాకీపడి పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. చదువుతో మొదటిది, యజ్ఞంతో రెండోది, సంతానంతో మూడోది తీరుతాయి. శతపథ బ్రాహ్మణం దీనికి నాలుగో ఋణాన్ని కూడా చేర్చింది. అది తోటి మనుషులకు ఉన్న బాకీ, దానిని తీర్చే పద్ధతి వారికి వసతి ఇవ్వడం, అన్నం పెట్టడం. ‘సమ్‌దల్-రీ’ కథ గట్టెక్కేది ఈ నాలుగో బాకీ దగ్గరే. నాయకుడి తల్లి, నాయిక తల్లి ప్రాణస్నేహితులు. కలిసి సముద్రంలో దిగిన రోజున ఒకరే పైకి వచ్చారు. భార్యను పోగొట్టుకున్న నాయకుడి తండ్రి, బతికి వచ్చిన ఆ స్నేహితురాలిని క్షమించలేక పిల్లల ప్రేమకు అడ్డుపడతాడు. నగరం నుంచి కూతురు తిరిగి రావడంతో అక్కడ ఏదీ చక్కబడలేదు. ఏళ్ల తరబడి లోపల దాచుకున్న దుఃఖాన్ని ఇద్దరు పెద్దలూ ఒకరి ముందొకరు ఒప్పుకున్నాకే ఆ రెండు ఇళ్ల మధ్య దారి తెరుచుకుంది.

కాబట్టి ఈ ధారావాహికల మీద చెప్పవలసిన తీర్పు ఇది. ఇల్లు చేరడం ఒక గుర్తింపు అనీ, మనిషిని మనిషి గుర్తించడం ద్వారానే అది జరుగుతుందనీ చెప్పిన మేరకు అవి ప్రాచీన సత్యాన్నే కొత్త తరానికి అందిస్తున్నాయి. ఊరు ఎప్పుడూ తలుపు తెరిచే ఉంచుతుందనీ, ఓడి వచ్చిన ప్రతివారికీ అక్కడ విశ్రాంతి సిద్ధంగా ఉంటుందనీ అనిపించే మేరకు మాత్రం వాటిని నమ్మకూడదు. ఇల్లు వెనక్కి తెచ్చుకోగలిగిన ఆస్తి కాదు. అది ఉన్నచోటు నుంచి మరచిపోకుండా చూపించుకోవలసిన దిక్కు, ఆ దిక్కుకూ చుట్టూ ఉన్న మనుషులకూ తీర్చవలసిన బాకీ.

పెరంబూరు తెలుగువారికి ఈ తీర్పు రెండు పనులు అప్పగిస్తుంది. పిల్లలకు బడిలో అందని తెలుగును ఇంట్లో రాయించి, చదివించి, తాతముత్తాతల ఊరి పేరు, ఆ ఊరు వదలడానికి కారణం, అది మంచిదైనా చెడ్డదైనా, ఉన్నదున్నట్టు చెప్పడం మొదటి పని. అది ఋషిఋణం, పితృఋణం. నేడు అదే పెరంబూరు స్టేషన్‌లో బిహార్ నుంచో, ఒడిశా నుంచో, అస్సాం నుంచో సంచీ భుజాన వేసుకొని దిగుతున్న కుర్రాడికి అద్దెకు గది ఇవ్వడానికి వెనకాడకపోవడం, భాష రాదని విసుక్కోకపోవడం, దారి అడిగితే ఆగి చెప్పడం రెండో పని. నూరేళ్ల క్రితం నెల్లూరు నుంచి వచ్చినవారికి ఎవరో అలా చెప్పబట్టే ఈనాటి కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ బాకీ తీర్చేవారు ఏ రాష్ట్రంలో ఉన్నా, అద్దె ఇంట్లో ఉన్నా, తమ ఇంటికి చేరినవారే.